వద్దన్న కట్టెలు

అగ్గిపుల్ల గీయాల్సింది హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద అధికారి. గ్యాసు వాల్వు తిప్పాల్సింది కరుణ. ముందు పుల్ల, తర్వాత వాల్వు అని ప్లాంటు బాధ్యత చూసే ప్రొఫెసరు విద్యాధర్ సార్ ఇద్దరికీ విడివిడిగా చెప్పి పెట్టాడు. అయినా అధికారి పుల్ల గీసి ఫొటో కోసం పక్కకు తిరిగేసరికి అది ఆరిపోయింది. ఇంకో పుల్ల గీసి, ఈసారి అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాక, పొయ్యి భగ్గుమంది. మంట కాసేపు పచ్చగా ఎగిరెగిరి పడి, తర్వాత నీలంగా కుదురుకుంది. వంటింట్లో చప్పట్లు మోగాయి.

కోరుట్ల నుంచి మేడిపల్లి వెళ్ళే దారిలో ఉన్న ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అంతవరకు హాస్టలు అన్నం ఉడికింది కట్టెల మీదే. పెద్దమనుషులు వస్తున్నారని గోడలకు సున్నం వేశారు గాని, పైకప్పు దూలాల మసి అలాగే ఉంది. ఇకనుంచి పశువుల కొట్టంలోని పెండతో పుట్టే గ్యాసుతోనే వంట. కట్టెల పొగ ఉండదు, ఆ పొగతో పాటు ఆకాశంలోకి పోయే కార్బనూ ఉండదు. ఆ మాటలు కరుణ కాగితం చూడకుండానే చెప్పింది. ప్రాంగణం నుంచి వెళ్ళే కార్బన్‌ను విద్యార్థులే తగ్గించాలని విద్యాధర్ సార్ పెట్టిన సంఘంలో ఆమె, ఆమె గదిలో ఉండే హుమేరా మొదటి నుంచీ ఉన్నారు. గదిగదికీ తిరిగి గుండు బల్బులు విప్పారు. మనుషుల్లేని గదుల్లో తిరిగే ఫ్యాన్లు బంద్ చేశారు. అతిథి గృహంలో ఏసీల సంగతి, పాలనా భవనం వెనకాల డీజిల్ జనరేటరు సంగతి హుమేరా ఒకసారి ఎత్తితే, మొదట మన చేతిలో ఉన్నది చేద్దామన్నాడు సార్. చేతిలో ఉన్నది వంటిల్లు.

వెనక తలుపు దగ్గర నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పొగ లేకపోయినా సమ్మవ్వ అలవాటు కొద్దీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రోజూ తెల్లవారి సర్కారు తుమ్మ కొట్టి, మోపులు నెత్తిన పెట్టుకుని తెచ్చి, పొయ్యిల్లో ఎగదోసేది ఈ నలుగురే. మనుషులంతా ఫలహారాలకు కదిలాక సమ్మవ్వ లోపలికి వచ్చి, పొయ్యి చుట్టూ తిరిగి చూసింది.

"అయితే రేపు మోపులు తేవద్దా బిడ్డా?"

"వద్దు పెద్దవ్వా. రేపటి సంది చేతులూపుకుంట రాండ్రి. పెండ కలుపుడే పని."

"నెత్తి మీద బరువు లేకుంట నడిస్తె యాడనన్న పడిపోతనేమొ" అని సమ్మవ్వ పక్కనున్న గంగవ్వ నవ్వింది. పొగకు ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

ఆ నలుగురూ అంత తేలిగ్గా ఒప్పుకున్నవాళ్ళు కారు. గ్యాసు ప్లాంటుకు గుంత తవ్వడం మొదలుపెట్టిన రోజు పోయి ఆ గుంతలోనే కూర్చున్నారు. తమ కడుపు మీద కొడుతున్నారన్నారు. అప్పుడు విద్యాధర్ సార్ కరుణను పిలిచి, నలుగురికీ ప్లాంటులో పని ఉంటుందని చెప్పి లేపమన్నాడు. మీ మనుషుల్లాంటి వాళ్ళే కదా, నువ్వు చెబితే వింటారన్నాడు. అది నిజమే. కరుణది గంభీరావుపేట. గుంటెడు భూమి లేని ఇల్లు. అమ్మ కూలి చేస్తుంది. నాన్న సామేలు సిరిసిల్లలో మరమగ్గాల కార్ఖానాలో నూలు చుట్టిన బీములు మోస్తాడు. ఆమె ఆ గుంతలోకి దిగి, చెప్పులు పక్కన పెట్టి, వాళ్ళ పక్కన మట్టిలో కూర్చుని చెప్పింది. సమ్మవ్వ ఆమె ముఖం చాలాసేపు చూసి, చీర దులుపుకుని లేచింది. ఆమె లేస్తే మిగతా ముగ్గురూ లేచారు.

*

మర్నాడు వాళ్ళు పొద్దున్నే వచ్చారు. పెండ పని కాబట్టి పాత చీరలు కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, వట్టి చేతులతో వచ్చారు. ప్లాంటు తొట్టి దగ్గర నీలం చొక్కాలు వేసుకున్న ఇద్దరు మగవాళ్ళు మోటారు పెట్టి పెండ కలుపుతున్నారు. ప్లాంటు కట్టిన కంపెనీ మనుషులు. కరీంనగర్ నుంచి బస్సులో వచ్చారు. మీరెవరని వాళ్ళే సమ్మవ్వను అడిగారు.

హుమేరా వచ్చి చెప్పేదాకా కరుణకు ఈ సంగతి తెలియదు. వెళ్ళేసరికి నలుగురూ కొట్టం గోడ నీడన కూర్చుని ఉన్నారు. నీడ జరిగినప్పుడల్లా వాళ్ళూ కొంచెం జరిగినట్టు నేల మీద గీతలు పడ్డాయి. సార్‌ను అడిగి వస్తానని, అక్కడే ఉండమని చెప్పింది.

విద్యాధర్ సార్ ఆమెను కూర్చోమన్నాడు. నిన్న బాగా మాట్లాడినవని మెచ్చుకున్నాడు. హైదరాబాద్‌కు పంపే నివేదికలో విద్యార్థుల తరఫున మొదటి పేరు ఆమెదేనన్నాడు. ఆమె వాళ్ళ సంగతి అడిగింది. కంపెనీతో ఏడాది పాటు చూసుకునే ఒప్పందం ఉందని, మనుషులు వాళ్ళ మనుషులే ఉంటారని, అది మన చేతిలో లేదని ఆయన చెప్పాడు.

"సార్, నలుగురికీ పని ఉంటదని మీరే చెప్పమన్నరు."

"చూద్దామన్న. చూద్దామన్నదాన్ని నువ్వు ఉంటదని చెప్పినట్టున్నవ్."

"హుమేరా సుత అక్కడనే ఉండె సార్. ఆమె సుత విన్నది."

ఆయన బల్ల మీది కాగితాలు అంచులు కలిపి, ఒకసారి తట్టి, పక్కన పెట్టాడు. "అయితే ఇద్దరు కలిసి తప్పు విన్నరు" అన్నాడు. గొంతులో కోపం లేదు. పాఠంలో ఒక తప్పు దిద్దినట్టే అన్నాడు.

బయటికి వచ్చాక కరుణ మెట్ల మీద నిలబడిపోయింది. ఆయన అరిచి ఉంటే తనూ ఏదో ఒకటి అనేది. ఆయన అంత నెమ్మదిగా అనేసరికి, నిజంగానే తప్పు విన్నానా అని ఒక్క క్షణం తనను తానే అనుమానించుకుంది. ఆ క్షణం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తర్వాత కూడా ఒళ్ళు మండేది.

కొట్టం దగ్గరికి వెళ్ళి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పలేకపోయింది. రెండు రోజులు ఆగండి, మాట్లాడుతున్నానని చెప్పింది. సమ్మవ్వ తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ మడత పెట్టుకుంది.

*

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. తరగతులు ఆగిపోయాయి. ప్రాంగణం ముందు రోడ్డు పక్కన విద్యార్థుల డేరా లేచింది. కరుణ ప్రేమ్‌సాగర్‌ను అక్కడే పట్టుకుంది. అతను జగిత్యాల పిల్లవాడు, ఆఖరి ఏడాది, విద్యార్థి జేఏసీకి ముందు నడిచేవాడు. పాలనా భవనానికి విద్యార్థులు తాళం వేసిన రోజు మొదట నడిచింది అతనే. ఆ తాళం మీద పోలీసు కేసయింది. కేసులో పేర్లున్న వాళ్ళలో కరుణ కూడా ఒకతె.

ఆమె చెబుతుంటే అతను చేతిలోని టీ తాగకుండా విన్నాడు. విన్నాక గ్లాసు కింద పెట్టాడు.

"మనం కొట్లాడుతున్నదే నౌకర్ల కోసం కరుణా. మన కండ్ల ముంగట నలుగురి పని గుంజుకుంటుంటే ఊకుంటమా? రేపు చర్చలకు పిలుస్తరు. గిదే మొదటి మాట."

ఆమెకు ఎన్నో రోజుల తర్వాత గుండె నిండా గాలి పీల్చుకున్నట్టయింది. వంటా-వార్పుకు ఆ తల్లులను కూడా రమ్మనమని, వస్తూ కట్టెలు తెమ్మనమని అతను చెప్పాడు. రోడ్డు మీదికి గ్యాసు పొయ్యి రాదు కదా అని నవ్వాడు కూడా. ఆమె ఆ మాట మోసుకుని వెళ్ళింది. వాళ్ళు వచ్చారు.

జగిత్యాల రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి పొయ్యిలు పెట్టారు. కోరుట్ల వైపు కనుచూపు మేర లారీలు ఆగిపోయాయి. సమ్మవ్వ తుమ్మ కర్రలను కింద సన్నవి, పైన లావువి పేర్చి, మధ్యలో గాలికి సందు వదిలి అంటించింది. అన్నం గుండిగ ఉడుకు పట్టాక కొన్ని కర్రలు వెనక్కి లాగి మంట తగ్గించింది. గంజి వార్చేటప్పుడు గుండిగకు అటూ ఇటూ గంగవ్వ, కరుణ తడిగుడ్డలతో పట్టుకున్నారు. ఆవిరికి ఇద్దరి ముఖాలూ కనబడలేదు. విద్యార్థులు, లారీ డ్రైవర్లు, కాపలా ఉన్న పోలీసులు కూడా తిన్నారు. ప్రేమ్‌సాగర్ మైకు అందుకుని ఈ నలుగురు తల్లుల గురించి చెప్పాడు. వాళ్ళ పని వాళ్ళకు వచ్చేదాకా మన పొయ్యి ఆరదన్నాడు. రోడ్డంతా చప్పట్లు. సమ్మవ్వ అప్పుడు గుండిగ అడుగున అంటుకున్న అన్నం గీరుతోంది. మనల్నే అంటున్నాడని గంగవ్వ మోచేత్తో పొడిస్తే తల ఎత్తి చూసి, సిగ్గుపడి, మళ్ళీ గీరడంలో పడింది.

చర్చలు మర్నాడు మధ్యాహ్నం జరిగాయి. పాలనా భవనం లోపలికి ఐదుగురు విద్యార్థులు వెళ్ళారు. బయట డప్పులు మోగుతూనే ఉన్నాయి. సమ్మవ్వ వాళ్ళు గేటు పక్కన కానుగ చెట్టు కింద కూర్చున్నారు. తలుపు తెరుచుకుని ప్రేమ్‌సాగర్ రెండు చేతులూ పైకెత్తి వచ్చాడు. ఎవరో అతని ముఖం నిండా గులాలు పూశారు. తాళం కేసులో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు, సమ్మె రోజుల హాజరు కోయరు, పరీక్షలు వెనక్కి జరుపుతారు అని అతను బల్ల ఎక్కి ఒక్కొక్కటే చెప్పాడు. ఒక్కోదానికీ నినాదం లేచింది. కరుణ ఇంకోమాట కోసం చూసింది. అతను బల్ల దిగిపోయాడు.

గుంపు పలచబడ్డాక, నల్లా దగ్గర వంగి ముఖం కడుక్కుంటుంటే వెళ్ళింది.

"ప్రేమన్నా, ఆళ్ళ సంగతి?"

అతను నీళ్ళు చల్లుకుంటూనే ఉన్నాడు. "ఎత్తిన."

"ఎత్తితె?"

"మూడు ఒప్పుకుంటం, నాలుగోది ఇడిసిపెట్టమన్నరు. ఇడిసిపెట్టిన." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఎర్రరంగు పూర్తిగా పోలేదు, చెవుల వెనక నిలిచింది. "కేసుంటే నౌకరి రాదు కరుణా. రేపు తెలంగాణ వచ్చినా రాదు. గా కేసుల నీ పేరు సుత ఉండె."

"నన్ను అడిగినవా అన్నా?"

"అడిగితె ఏమందువు?"

జవాబు కోసం చూడకుండానే అతను ఆమె భుజం తట్టి, అవతల పిలుస్తున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. కానుగ చెట్టు వైపు చూసే ధైర్యం కరుణకు లేకపోయింది.

సాయంత్రం సామేలు ఫోను చేశాడు. సిరిసిల్లలో ఎవరో పిల్లవాడు చెప్పాడట, కేసు పోయిందని.

"దేవునికి స్తోత్రం బిడ్డా. మీ అవ్వ మోకాళ్ళ మీదికెల్లి లేస్తలేదు. నీ గొంతేంది గట్లున్నది?"

"నినాదాలిచ్చి పోయింది బాపూ" అంది కరుణ.

ఆయన సంతోషం వింటుంటే ఆమెకు కూడా లోపల ఎక్కడో ఒక ముడి విడిపోయినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి తనలో ఉన్నందుకే ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు. ప్రేమ్‌సాగర్ మీద వచ్చిన కోపాన్ని కూడా గట్టిగా పట్టుకోలేకపోయింది.

ఆ తర్వాత ఆమె బయటికి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా వెనక గేటు నుంచి వెళ్ళింది.

*

బస్సులు కూడా సమ్మెలో దిగాయి. కరీంనగర్ నుంచి నీలం చొక్కాల వాళ్ళు రావడం మానేశారు. బొగ్గు గనులు ఆగేసరికి కరెంటు ఎప్పుడు పోయేదీ ఎప్పుడు వచ్చేదీ తెలియకుండా పోయింది. మోటారు తిరగలేదు, పెండ కలపలేదు. నీలం మంట రోజురోజుకూ పొట్టిదై, ఒకనాటి పొద్దున అన్నం సగం ఉడకగానే టపటపమని ఆరిపోయింది. గ్యాసు సిలిండర్లు తెచ్చే లారీలు లేవు. ఊళ్ళకు వెళ్ళే దారిలేక హాస్టల్లోనే చిక్కుకున్న పిల్లలు ఖాళీ ప్లేట్లు మోగిస్తుంటే వార్డెన్ కరుణను పిలిపించాడు.

పోయి ఆ నలుగురినీ కట్టెలు తెమ్మని చెప్పమన్నాడు. నువ్వు చెబితేనే వింటారన్నాడు. గ్యాసు మళ్ళీ వచ్చేదాకేనా అని ఆమె అడిగింది. మరి ఎన్నాళ్ళనుకున్నవ్ అని ఆయన ఆశ్చర్యంగా చూశాడు.

పొలాల గట్ల మీదుగా నడుస్తుంటే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. రాగానే నడక తేలికైంది. ఈ కబురు మోసుకెళ్ళను. వాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. పోవద్దంటాను. అవసరం ఇప్పుడు వాళ్ళది కాదు, హాస్టలుది. ఇన్నాళ్ళకు తాను చేయగల మంచి పని ఒకటి దొరికిందనుకుంది. ఆ మాటలు ఎలా చెప్పాలో దారి పొడుగునా కూర్చుకుంది.

సమ్మవ్వ ఇంటి ముందు నలుగురూ కూర్చుని ఎవరివో మక్కజొన్న కంకులు కూలికి ఒలుస్తున్నారు. చుట్టూ బూరు పొట్టు కుప్పలుగా పడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమే ఆ పొట్టులో కూర్చుంది. ఒక కంకి తీసుకుని ఒలుస్తూ అంతా చెప్పింది. విద్యాధర్ సార్ మాట మార్చింది, ప్రేమ్‌సాగర్ మూడు తీసుకుని ఒకటి విడిచిపెట్టింది, ఆ మూడింట్లో తన కేసు ఉన్నది కూడా చెప్పింది.

"మాకెరికే" అంది సమ్మవ్వ.

"ఎవలు చెప్పిన్రు పెద్దవ్వా?"

"ఎవలు చెప్పాలె? గులాలు సల్లుకున్ననాడు మా దిక్కు ఒక్కలు రాకపోతిరి. ఎనుక గేటుకెల్లి నువ్వు పోవుడు గంగవ్వ చూసింది."

కరుణ చేతిలోని కంకి పక్కన పెట్టింది. దారిలో కూర్చుకున్న మాటల్లో మిగిలినవి చెప్పింది. "ఇప్పుడు కట్టెలు తీసుక పోకుండ్రి పెద్దవ్వా. మిమ్ముల పెట్టుకుంటమని అందరి ముంగట మాట ఇచ్చేదాక పుల్ల సుత ఇయ్యకుండ్రి. ఇప్పుడు ఆళ్ళకే అక్కెర."

సమ్మవ్వ చేతిలోని కంకి బూరు పూర్తిగా తీసి, కుప్పలోకి విసిరి, అప్పుడు మాట్లాడింది.

"గుంతల కూసుంటే లేవుమన్నవ్, లేసినం. కట్టెలు వద్దన్నవ్, తేలే. రోడ్డు మీదికి రమ్మన్నవ్, వచ్చినం. ఇప్పుడు పోవద్దంటున్నవ్."

"ఈసారి నా మాట పెద్దవ్వా. నిజంగ."

"అప్పుడు సుత నిజమనే చెప్పినవ్. అబద్ధమాడినవని నేను అంటలేను. నీ మంచితనం అడ్డంబెట్టి ఆళ్ళు మమ్ముల మలిపిన్రు. మళ్ళా ఎవలు నిన్ను అడ్డంబెడుతరో నీకే ఎరిక లేదు."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండునని కరుణకు అనిపించింది. తనను ఇద్దరు మోసం చేశారని ఇన్నాళ్ళూ లోపల లోపల రగిలింది. ఆ ఇద్దరి పక్కన మూడో మనిషిగా ఈ వాకిట్లో తన పేరు ఎప్పుడో చేరిపోయిందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

నలుగురూ ఇంటి వెనక్కి వెళ్ళి ఏదో మాట్లాడుకున్నారు. గొంతులు వినిపించాయి గాని మాటలు అందలేదు. తర్వాత ఎండబెట్టిన కట్టెలు మోపులు కట్టారు. మోపు నెత్తికి ఎత్తుకోవాలంటే ఇంకొకరి చేయి కావాలి. సమ్మవ్వకు దగ్గరగా నిలబడ్డది కరుణే. చేతులు ముందుకు చాచింది. సమ్మవ్వ తల తిప్పి, అవతల ఉన్న గంగవ్వను పిలిచింది. గంగవ్వ తన మోపు వదిలేసి వచ్చి ఎత్తింది.

వాళ్ళు ముందు, కరుణ వెనక. మాటేమీ తీసుకోకుండా పాత పనికే పోతున్నారనుకుంది ఆమె. చెప్పినా వినలేదని బాధపడింది.

వంటింటి వెనక తలుపు దగ్గర వార్డెన్ ఎదురొచ్చి రమ్మన్నాడు. నలుగురూ మోపులు గడప ఇవతలే దించారు. దించి, వాటి మీదే కూర్చున్నారు. వార్డెన్ ఇదేమిటన్నట్టు కరుణ వైపు చూశాడు.

"ఆమెను అడుగకు సారూ. ఆమెకేం తెల్వది" అంది సమ్మవ్వ. "ఇద్యాధర్ సార్‌ను పిలువు. గా ప్రేమ్‌సాగర్‌ను సుత పిలువు. పోరగాండ్లంత ఈడనే ఉన్నరు. అందరు ఇనంగ మాట్లాడుకుందాం."

కరుణ ఒక అడుగు ముందుకు వేసింది. సమ్మవ్వ చేయి అడ్డం పెట్టింది. "నువ్వు పో. పోయి వరుసల నిలవడు."

వరుస వంటింటి ముందు నుంచి చుట్టుకుని వెనక తలుపు దాకా వచ్చి ఉంది. కరుణ వెళ్ళి చివర నిలబడింది. హుమేరా తన ప్లేటు ఆమె చేతికిచ్చి, తను ఇంకోటి తెచ్చుకుంది.

విద్యాధర్ సార్ వచ్చాడు. ఇది సమయం కాదని, పిల్లలు ఆకలితో ఉన్నారని, తర్వాత కూర్చుని మాట్లాడదామని నెమ్మదిగా చెప్పాడు. సమ్మవ్వ అంతా వింది. లేవలేదు. ప్రేమ్‌సాగర్ వచ్చి పక్కన నిలబడితే అతని వైపు తిరిగింది.

"రోడ్డు మీద మైకుల చెప్పినవ్ గద కొడుకా. ఇప్పుడు మైకు లేకుంట చెప్పు."

వరుసలో ప్లేట్ల చప్పుడు ఆగిపోయింది. ప్రేమ్‌సాగర్ వరుసను చూశాడు, మోపులను చూశాడు. వరుసలోంచి ఎవరో చెప్పన్నా అని అరిచారు. ఇంకెవరో అందుకున్నారు. హుమేరా కూడా గొంతు కలిపింది. అతను విద్యాధర్ సార్ వైపు తిరిగి, ఆ నలుగురిని ప్లాంటులో పెట్టుకోవాలి సార్ అన్నాడు. గట్టిగానే అన్నాడు. సార్ మళ్ళీ చూద్దామన్నాడు. చూద్దామంటే కాదు, పెట్టుకుంటమని చెప్పమంది సమ్మవ్వ. ఆయన వార్డెన్‌ను చూశాడు, వరుసను చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుంటం అన్నాడు. వెనక ఉన్నవాళ్ళకు వినబడలేదంది ఆమె. ఆయన ఇంకోసారి అనాల్సి వచ్చింది.

అప్పుడు లేచారు. ఒకరి మోపు ఒకరు పట్టి లోపలికి తీసుకెళ్ళారు. పాత రాతిపొయ్యి మీద పెట్టిన అట్టపెట్టెలు తీసి, బూడిద ఊది, కట్టెలు పేర్చారు. పొగ కొత్త సున్నం మీదుగా పాక్కుంటూ కిటికీలోంచి బయటికి వచ్చింది.

అన్నం అయ్యేసరికి పొద్దు నడినెత్తి దాటింది. గరిటె పట్టింది సమ్మవ్వే. వరుస కదులుతోంది. ఒకడిని ఇంకొంచెం పెట్టనా కొడుకా అని అడిగింది. ఒకమ్మాయిని గింతేనా తినేది అని కసిరి, వద్దన్నా వేసింది. హుమేరాకు పప్పు రెండోసారి పోసింది. కరుణ ప్లేటు ముందుకు చాచింది. అందరికీ వేసినంతే ఆమెకూ వేసి, సమ్మవ్వ ఆమె వెనకున్న ప్లేటు కోసం చూసింది. వెనక ఎవరూ లేరు. ఆమె గరిటె గుండిగలో పెట్టి, పొయ్యి దగ్గరికి వంగి, కట్టె ఒకటి వెనక్కి లాగింది.